ఈత కొలను – మూడు గుంటల వరి మడి
పట్టణ నీటి నష్టాల లెక్కకు వ్యవసాయ వాతావరణ శాస్త్రం చూపే దారి

వేసవి ముదిరేకొద్దీ మూసాపేట, కూకట్‌పల్లి, గచ్చిబౌలి ప్రాంతాల బహుళ అంతస్తుల గృహసముదాయాలలో ఒక ప్రశ్న తరచుగా తలెత్తుతుంది. ఈత కొలనులో నీటి మట్టం రోజురోజుకూ తగ్గిపోతూ ఉంటుంది. నిర్వాహకులు దానిని ఎండ ప్రభావం అంటారు. నివాసులలో కొందరు కొలను అడుగున పగులు ఉందని అనుమానిస్తారు. తగ్గిన నీటిని బోరు నుండో, ట్యాంకరు నుండో తెచ్చి నింపుతారు. ఆ నీరు ఆవిరైనదా, కారిపోయినదా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఈ ప్రశ్నకు సమాధానం వ్యవసాయ శాస్త్రజ్ఞుల వద్ద ఉంది. ఆరుతడి పంటకు నీటి తడి ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించడానికి ఉపయోగించే ఆవిరి తొట్టె కొలతలు, పంట గుణకాలు, నీటి జమాఖర్చుల పద్ధతి ఈత కొలనుకు కూడా వర్తిస్తాయి. పట్టణ పరిసరాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ లెక్కను ఎలా చేయవచ్చో, దాని నుండి రైతు పొలంలోని సేద్యపు కుంటకు ఏ పాఠం తీసుకోవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నీరు ఎందుకు ఆవిరవుతుంది?

నీటి ఉపరితలం నుండి ఆవిరయ్యే వేగం ప్రధానంగా రెండు అంశాలపై ఆధారపడి ఉంటుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ డాల్టన్ 1802లో వివరించాడు. మొదటిది, నీటి ఉపరితలం వద్ద ఉండే ఆవిరి పీడనానికీ, పైనున్న గాలిలోని ఆవిరి పీడనానికీ మధ్య గల తేడా. రెండవది, గాలి వేగం. ఈ సూత్రానికి సూర్యరశ్మి శక్తి లెక్కను జోడించి 1948లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ కేంద్రానికి చెందిన పెన్‌మన్ రూపొందించిన సమీకరణమే నేటి పంట నీటి అవసరాల లెక్కలన్నిటికీ పునాది.

హైదరాబాదు వాతావరణంలో ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో చూద్దాం. మే నెల మధ్యాహ్నం గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం, కొలను నీటి ఉష్ణోగ్రత 29 డిగ్రీలు అనుకుంటే నీటి ఉపరితలం వద్ద ఆవిరి పీడనం సుమారు 4.0 కిలోపాస్కళ్లు, గాలిలో సుమారు 1.5 కిలోపాస్కళ్లు ఉంటాయి. తేడా 2.5 కిలోపాస్కళ్లు. ఆగస్టులో నీరు, గాలి రెండూ 27 డిగ్రీల వద్ద, తేమ 80 శాతంగా ఉన్నప్పుడు ఈ తేడా 0.7 కిలోపాస్కళ్లు మాత్రమే. గాలి వేగం సమానంగా ఉంటే వేసవి మధ్యాహ్నం ఆవిరి నష్టం వానాకాలం కంటే మూడు రెట్లకు పైగా ఉంటుందన్నమాట.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఎండ లేనప్పుడు నీరు ఆవిరి కాదన్న అభిప్రాయం సరికాదు. పగలంతా వేడెక్కిన నీరు రాత్రివేళ కూడా వెచ్చగానే ఉంటుంది. అందువల్ల ఆవిరి పీడనంలో తేడా కొనసాగి, రాత్రి కూడా కొంత నీరు పోతూనే ఉంటుంది. కొలనును కప్పే విషయంలో ఈ అంశానికి ప్రాధాన్యం ఉంది.

ఆవిరి తొట్టె నుండి కొలను లెక్కకు

వాతావరణ పరిశీలన కేంద్రాలలో రోజువారీ ఆవిరిని తొట్టెతో కొలుస్తారు. అమెరికాలో రూపొందిన ‘క్లాస్ ఎ’ తొట్టె వ్యాసం సుమారు 121 సెం.మీ., లోతు 25 సెం.మీ. మన దేశంలో వాడే ప్రామాణిక తొట్టె కూడా దాదాపు ఇదే పరిమాణంలో ఉండి, పక్షులు, జంతువులు నీరు తాగకుండా పైన తీగ వల కప్పి ఉంటుంది. లోహపు తొట్టె అన్ని వైపులా ఎండకు వేడెక్కుతుంది కనుక అందులో ఆవిరి విశాలమైన జలాశయంలో కంటే ఎక్కువగా ఉంటుంది. అందుకే తొట్టె కొలతను 0.7 నుండి 0.8 వరకు ఉండే గుణకంతో హెచ్చవేస్తారు.

హైదరాబాదు పరిసరాలలో మే నెలలో తొట్టె ఆవిరి రోజుకు 10 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. వానాకాలం చివర, శీతాకాలంలో ఇది 4 నుండి 5 మి.మీ.కి దిగుతుంది. సంవత్సరం మొత్తానికి సుమారు 2,000 మి.మీ. అనుకుని 0.7 గుణకం వర్తింపజేస్తే, తెరచి ఉన్న నీటి ఉపరితలం నుండి ఏటా పోయేది సుమారు 1.4 మీటర్ల నీరు. సాధారణ గృహసముదాయ కొలను సగటు లోతు కూడా దాదాపు ఇంతే. అంటే ఒక కొలను ఏడాదిలో తన లోతంత నీటిని ఆకాశానికి సమర్పిస్తుంది.

ఈ అంచనాను సరిచూసుకోవడానికి తెలంగాణలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయంపై నెలకొల్పిన 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2022 జులై 1 నాటికి పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. జలాశయంలో సుమారు 500 ఎకరాలలో విస్తరించిన ఈ కేంద్రం వల్ల ఏటా దాదాపు 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా ఆగుతుందని ఆ సంస్థ అంచనా. ఈ పరిమాణాన్ని విస్తీర్ణంతో భాగిస్తే 1.6 మీటర్లు వస్తుంది. రెండు వేర్వేరు దారులలో వచ్చిన అంచనాలు దగ్గరదగ్గరగా ఉండడం గమనార్హం.

కొలనుకు పంట గుణకం

మూసాపేటలోని ఒక గృహసముదాయంలో 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు గల కొలను ఉందనుకుందాం. దాని ఉపరితలం 312.5 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరుపై ఒక మి.మీ. నీరు అంటే ఒక లీటరు. మే నెలలో తొట్టె ఆవిరి 10 మి.మీ. ఉన్న రోజున కొలను నుండి 7 మి.మీ., అంటే సుమారు 2,190 లీటర్లు పోతాయి. నెల మొత్తానికి దాదాపు 68 వేల లీటర్లు. ఏడాదికి సుమారు 4.4 లక్షల లీటర్లు, అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 44.

2002 జాతీయ క్రీడల కోసం, ఆపై 2003 ఆఫ్రో–ఆసియా క్రీడల కోసం ఉపయోగపడిన గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలో ఉన్నటువంటి 50 మీటర్ల పోటీ కొలను వెడల్పు 25 మీటర్లు అనుకుంటే ఉపరితలం 1,250 చదరపు మీటర్లు. అది తెరచి ఉన్నప్పుడు 8 మి.మీ. ఆవిరైన రోజున పోయేది సరిగ్గా ఒక 10 వేల లీటర్ల ట్యాంకరు నీరు.

విద్యార్థులకు ఇదే విషయాన్ని మరో విధంగా బోధించవచ్చు. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో ప్రచురించిన 56వ నీటిపారుదల సంచికలో పంటల గుణకాలతో పాటు నీటి ఉపరితలానికి కూడా గుణకం ఇచ్చింది. 2 మీటర్ల కంటే తక్కువ లోతు గల నీటికి అది 1.05. మధ్య దశలో ఉన్న వరికి 1.20. అంటే ఆవిరి దృష్ట్యా ఈత కొలను కూడా ఒక పంటే. 312.5 చదరపు మీటర్లు మన కొలతలో సుమారు మూడు గుంటలు. మూడు గుంటల వరి మడి గాలిలోకి వదిలేటంత నీటిని ఈ కొలను కూడా దాదాపుగా వదులుతుంది. తేడా ఏమిటంటే, వరి నాలుగు నెలలలో కోతకు వస్తుంది. కొలను ఏడాది పొడవునా పొలంలో నిలిచి ఉన్న పైరు.

నష్టం ఎంత పెద్దది?

ఈ అంకెలను చూసి కొలనులే నగర నీటి కొరతకు కారణమని తీర్మానించడం తొందరపాటు. 500 కుటుంబాలు, కుటుంబానికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం చొప్పున ఆ గృహసముదాయ రోజువారీ అవసరం 2.7 లక్షల లీటర్లు. మే నెలలో కొలను నుండి ఆవిరయ్యే 2,190 లీటర్లు అందులో ఒక శాతానికి లోపే. కుటుంబానికి నాలుగున్నర లీటర్ల కంటే తక్కువ.

అదే ఒక కుటుంబం తన ఇంటి ఆవరణలో 8 మీటర్లు × 4 మీటర్ల కొలను కట్టుకుంటే లెక్క మారుతుంది. 32 చదరపు మీటర్ల నుండి రోజుకు 224 లీటర్లు ఆవిరవుతాయి. నలుగురి కుటుంబానికి కావలసిన 540 లీటర్లలో ఇది 41 శాతం. కనుక కొలను మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్న కాదు. ఒక చదరపు మీటరు నీటి ఉపరితలాన్ని ఎంతమంది పంచుకుంటున్నారన్నదే అసలు ప్రశ్న.

అయినా ఈ నీరు వేసవిలోనే, అంటే బోర్లు అడుగంటే రోజులలోనే ఎక్కువగా పోతుందన్నది మరువరాదు. హైదరాబాదుకు కృష్ణా నీరు నాగార్జునసాగర్ నుండి, గోదావరి నీరు ఎల్లంపల్లి నుండి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, వందల మీటర్ల ఎత్తుకు ఎక్కి వస్తుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. ఇంత విద్యుత్తు ఖర్చుతో చేరిన నీటికి లెక్క లేకపోవడమే లోపం. బెంగళూరులో 2024 మార్చిలో నీటి ఎద్దడి తీవ్రమైనప్పుడు అక్కడి నీటి సరఫరా మండలి ఈత కొలనులకు తాగునీటి వాడకాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించవలసి వచ్చింది. అటువంటి పరిస్థితి రాకముందే కొలతకు అలవాటు పడడం మేలు.

బకెట్టు పరీక్ష: ఆవిరా, లీకేజీనా?

ఆవిరి నష్టానికి వాతావరణం ఒక గరిష్ఠ పరిమితి విధిస్తుంది. హైదరాబాదులో కొలను మట్టం రోజుకు 12 – 15 మి.మీ. చొప్పున వరుసగా తగ్గుతూ ఉంటే ఆ నింద ఎండ మీద వేయడం సమంజసం కాదు. దీనిని తేల్చడానికి ఖరీదైన పరికరాలేమీ అవసరం లేదు.

1. ఒక వెడల్పాటి బకెట్టును కొలను మెట్టుపై, నీటిలో చాలావరకు మునిగి ఉండేటట్లు ఉంచాలి. తేలిపోకుండా అడుగున రాయి వేయాలి.
2. బకెట్టు లోపలి నీటి మట్టం, బయట కొలను మట్టం సమానంగా ఉండేటట్లు కొలను నీటినే పోయాలి. మట్టం బకెట్టు అంచుకు దగ్గరగా ఉండాలి. లేకపోతే అంచు గాలిని అడ్డుకుని ఆవిరిని తగ్గిస్తుంది.
3. లోపల, బయట రెండు మట్టాలనూ గుర్తించాలి. వాన లేని, ఈతగాళ్లు దిగని, ఫిల్టరు కడగని 24 గంటలు వదిలి, తిరిగి కొలవాలి.
4. పరీక్షను ఒకసారి పంపు నడుస్తుండగా, మరోసారి ఆపి చేయాలి. పంపు నడిచినప్పుడు మాత్రమే తేడా పెరిగితే లోపం పైపులలో ఉన్నట్లు భావించవచ్చు.

బకెట్టులోని నీరు, కొలను నీరు ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే గాలిలో ఉంటాయి కనుక రెండిటి ఆవిరీ దాదాపు సమానం. బకెట్టులో 7 మి.మీ., కొలనులో 11 మి.మీ. తగ్గితే మిగిలిన 4 మి.మీ. లీకేజీ. మన ఉదాహరణలో అది రోజుకు 1,250 లీటర్లు, నెలకు 37,500 లీటర్లు. కొలతలో ఒక మి.మీ. పొరపాటు 312 లీటర్ల తేడా తెస్తుంది కనుక మూడు రోజుల సగటు తీసుకోవడం మంచిది.

ఫిల్టరు కడిగే నీటిని కూడా లెక్కలో చేర్చాలి. ఇసుక ఫిల్టరును నిమిషానికి 500 లీటర్ల వేగంతో నాలుగు నిమిషాలు వెనుకకు కడిగితే 2,000 లీటర్లు పోతాయి. అది మే నెలలో ఒక రోజు ఆవిరికి దాదాపు సమానం. గడియారం ప్రకారం కాక, ఫిల్టరు పీడనం పెరిగినప్పుడు మాత్రమే కడగడం వల్ల ఈ నష్టం తగ్గుతుంది.

నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది

ఆవిరితో స్వచ్ఛమైన నీరు మాత్రమే పోతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలు గల బోరు నీటితో ఏడాదిలో 437 ఘనపు మీటర్లు తిరిగి నింపితే, సుమారు 219 కిలోల లవణాలు కొలనులో చేరతాయి. ఫిల్టరు కడిగినప్పుడు పోయేది మినహాయిస్తే, ఏడాది చివరకు లవణ సాంద్రత దాదాపు రెట్టింపవుతుంది. అప్పుడు కొలనును ఖాళీ చేసి కొత్త నీరు నింపవలసి వస్తుంది. అంటే ఆవిరిని అరికడితే ఆ నీటితో పాటు, పారబోయవలసిన నీరు కూడా మిగులుతుంది. బోరు నీటితో నింపే చేపల చెరువులలో వేసవిలో లవణీయత పెరగడానికీ, డ్రిప్పు కింద తడి అంచుల వద్ద తెల్లటి పొర ఏర్పడడానికీ మూలం ఇదే సూత్రం.

నివారణ మార్గాలు

కప్పు: అన్నిటి కంటే ప్రభావవంతమైనది నీటి ఉపరితలాన్ని కప్పడమే. కప్పు వాడిన కొలనులలో తిరిగి నింపవలసిన నీరు 30 నుండి 50 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ పేర్కొంటోంది. అయితే చలి దేశాలలో నీటిని వేడిగా ఉంచడానికి వాడే బుడగల పారదర్శక షీటును మన వేసవి పగటిపూట వాడితే నీరు మరింత వేడెక్కుతుంది. ఇక్కడ లేత రంగు, కాంతి చొరని కప్పును ఈత ముగిసిన తరువాత రాత్రంతా, వాడకం లేని పగటి వేళల్లో పరచడం ఉచితం. కొలనులోకి ఎవరైనా దిగే ముందు కప్పును పూర్తిగా తొలగించాలి. సగం తీసిన కప్పు కింద పిల్లలు చిక్కుకునే ప్రమాదం ఉంది.

గాలికి అడ్డు: కొలను చుట్టూ గాలి వీచే దిక్కున దట్టమైన కంచె మొక్కలు ఆవిరిని తగ్గిస్తాయి. ఆకులు ఎక్కువగా రాల్చే జాతులను నివారించాలి. ఫౌంటెన్లు, కృత్రిమ జలపాతాలు, అంచు మీదుగా నీరు పొర్లే నిర్మాణాలు గాలికి తగిలే ఉపరితలాన్ని పెంచుతాయి కనుక వేసవిలో వాటిని ఆపి ఉంచాలి.

వానకు చోటు: మన వర్షపాతం ఏటా సుమారు 800 మి.మీ. అయినా, అంచు వరకు నిండి ఉన్న కొలనుపై పడిన వాన పొంగిపోతుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు మట్టాన్ని స్కిమ్మరు అనుమతించినంత, సుమారు 5 సెం.మీ. తక్కువగా ఉంచితే మన ఉదాహరణలో 15 వేల లీటర్లకు పైగా వాన నీటికి చోటు దొరుకుతుంది.

పైకప్పు నీరు: 80 శాతం రాబడితో ఒక చదరపు మీటరు పైకప్పు నుండి ఏటా 640 లీటర్లు లభిస్తాయి. సుమారు 700 చదరపు మీటర్ల పైకప్పు నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే, కొలను ఏడాది పొడవునా ఆవిరి రూపంలో పోగొట్టే నీటికి సరిపడా భూమికి తిరిగి ఇచ్చినట్లవుతుంది. వాన నీటి సేకరణ నిర్మాణాలు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం కూడా అవసరమైనవే.

ఏ నివారణకైనా దాని ఖర్చు కూడా లెక్కించాలి. లాస్ ఏంజెలెస్ జలాశయంపై 2015లో 9.6 కోట్ల నల్లటి ప్లాస్టిక్ బంతులు పరిచారు. వాటి ముఖ్యోద్దేశం నీటి నాణ్యత కాపాడడం. ఆవిరి తగ్గడం అదనపు లాభం. ఆ బంతుల తయారీకే ఎంతో నీరు ఖర్చయిందనీ, అవి దాదాపు రెండున్నర ఏళ్లు నీటిపై ఉంటేనే ఆ అప్పు తీరుతుందనీ 2018లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

సేద్యపు కుంటకు పాఠం

ఈత కొలనుకు కప్పు కొనగలిగిన గృహసముదాయాలు ఉన్నాయి. రైతుకు ఆ వెసులుబాటు తక్కువ. కనుక కుంట విషయంలో ఆకృతి, వాడే సమయం అనే రెండు ఖర్చులేని సాధనాలపై దృష్టి పెట్టాలి. మెట్ట ప్రాంతాలలో కుంటల ద్వారా కీలక దశలో ఒక తడి ఇవ్వడంపై హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) విస్తృతంగా కృషి చేసింది.

పైన 20 × 20 మీటర్లు, లోతు 3 మీటర్లు, వాలు 1.5:1 గల కుంటలో సుమారు 740 ఘనపు మీటర్ల నీరు పడుతుంది. అంతే నీటిని 1.5 మీటర్ల లోతులో నిలపాలంటే పైభాగం సుమారు 24.5 × 24.5 మీటర్లు కావాలి. ఉపరితలం 400 నుండి 600 చదరపు మీటర్లకు పెరుగుతుంది. ఆవిరి కూడా ఒకటిన్నర రెట్లవుతుంది. రాయి అడ్డు రానంత వరకు వెడల్పు కంటే లోతుకే ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పడానికి కారణం ఇదే.

ఇక సమయం. అక్టోబరులో నిండిన ఆ లోతైన కుంటను రోజుకు 4 మి.మీ. ఆవిరితో 60 రోజులు అలాగే ఉంచితే సుమారు 92 ఘనపు మీటర్లు, అంటే నీటిలో ఎనిమిదో వంతు పోతుంది. ఎకరానికి 50 మి.మీ. తడి ఇవ్వడానికి కావలసినది సుమారు 202 ఘనపు మీటర్లు. రెండు నెలల నిరీక్షణ ఖరీదు దాదాపు అర ఎకరం తడి. కనుక పైరు బెట్టకు గురైన కీలక దశలో నీటిని వాడుకోవడమే దానిని దాచుకోవడం కంటే లాభదాయకం. పొర వేయని ఎర్ర నేల కుంటలలో ఇంకుడు నష్టం ఆవిరి కంటే ఎక్కువగా ఉండవచ్చు కనుక, ముందు బకెట్టు పరీక్షతో రెండిటినీ వేరుచేసి చూచి, ఆపైనే పొర అవసరాన్ని నిర్ణయించాలి.

ముగింపు

మూసాపేట కొలనుకూ, మెట్ట రైతు కుంటకూ ఆవిరి సూత్రం ఒక్కటే. ఆవిరిని పూర్తిగా ఆపలేము. కానీ దానిని ఒక మి.మీ. తేడాతో అంచనా వేయగలము. ఆ అంచనా చేతిలో ఉన్నప్పుడు, దానికి మించి తగ్గిన ప్రతి మి.మీ.కీ ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి ఉంటుంది. వ్యవసాయ వాతావరణ కేంద్రాల రోజువారీ తొట్టె కొలతలను పట్టణ గృహసముదాయాలకు కూడా అందుబాటులోకి తెచ్చి, వారానికొకసారి కొలను మట్టంతో పోల్చి చూచే అలవాటు నేర్పడం విస్తరణ సేవలకు కొత్త బాధ్యత అవుతుంది. విద్యార్థులు తమ వసతిగృహం దగ్గరలోని ఏ కుంటలోనైనా ఒక బకెట్టు, ఒక స్కేలుతో ఈ పనిని రేపటి నుండే ప్రారంభించవచ్చు.